నీటి మీద నిలబడే ఈక

ట్రౌట్ చేపను నమ్మించే ఫ్లైకి కోడిపుంజు మెడ ఈకే ఆధారం. దాన్ని ఎంచుకోవడం, చుట్టడం, దాని కోసం కోళ్ళను తరాల తరబడి పెంచడం, చివరికి మ్యూజియానికి కన్నం వేయడం... ఒక ఈక చుట్టూ ఇంత కథ ఉంది.

2011 వేసవిలో అమెరికాలో గాలపు సామాన్లమ్మే దుకాణాలకు కొత్తరకం గిరాకీ తగిలింది. ఏటి ఒడ్డు మొహం ఎరగని అమ్మాయిలు, బ్యూటీ పార్లర్ల వాళ్ళు వచ్చి కోడిపుంజు ఈకలున్నాయా అని అడగడం మొదలుపెట్టారు. నలుపూ తెలుపూ అడ్డచారలతో సన్నగా, పొడవుగా ఉండేవైతే ఎన్నున్నా ఇచ్చేయమన్నారు. జుట్టులో పాయల మధ్య కట్టుకోవడానికట. 'అమెరికన్ ఐడల్' షోలో జడ్జీగా కూర్చున్న రాక్ గాయకుడు స్టీవెన్ టైలర్ జుట్టులో ఇవే ఈకలు వేలాడటంతో ఫ్యాషన్ ఊపందుకుంది. మామూలుగా 40 నుంచి 60 డాలర్లు పలికే చారల ఈకల ప్యాకెట్టు ఒకటి ఇంటర్నెట్ వేలంలో 480 డాలర్లకు పోయిందని పత్రికలు రాశాయి. కొలరాడో రాష్ట్రం డెల్టాలో ఉన్న వైటింగ్ ఫామ్స్ ఈ ఈకల కోసమే కోళ్ళను పెంచే పెద్ద సంస్థ. అక్కడ కూడా వచ్చిన ఆర్డర్లకు సరుకు చాలలేదు. పుంజును ఏడాదిపాటు సాకితేగాని ఆ ఈక చేతికి రాదు. గిరాకీ వచ్చిందని నెలరోజుల్లో తయారుచేసి పంపడం కుదిరే పని కాదు.

ఆ ఈకలు పుట్టింది గాలం వేసేవాళ్ళ కోసం. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, గాలపు ముల్లుకు దారంతో, ఈకతో, బొచ్చుతో పురుగు ఆకారం కట్టి చేపను నమ్మించేవాళ్ళ కోసం. అలా కట్టిన పురుగును ఫ్లై అంటారు. దాని చుట్టూ చుట్టే కోడి ఈకను హ్యాకిల్ అంటారు. జుట్టులో పెట్టుకోవాలంటే ఈకకు పొడవూ చారా ఉంటే చాలు. ఏట్లో వెయ్యాలంటే చాలవు. ఈకకు వెల కట్టేవాళ్ళు ఇద్దరున్నారు: చూసే మనిషి, మోసే నీరు. ఇద్దరి లెక్క కలిసేది అరుదు.

ఇనుమును మోసే పోగులు

మన చెరువుగట్ల మీద గాలం వేసేవాళ్ళకు వానపాము, పిండి ముద్ద, రొయ్య తెలుసు. ఎర బరువుతోనో సీసపు గుండు బరువుతోనో తాడు నీళ్ళలోకి పోతుంది. ట్రౌట్ సంగతి వేరు. అది చల్లటి కొండ ఏళ్ళ చేప. మన దేశంలో కశ్మీరు, హిమాచల్, నీలగిరి లాంటి చల్లటి చోట్ల తప్ప బతకదు. కశ్మీరుకు కూడా 1900లో స్కాట్లండ్ నుంచి గుడ్లు తెప్పించి పొదిగిస్తేనే వచ్చింది. ఆ ఏళ్ళలో మేఫ్లై లాంటి పురుగులు నీటి అడుగున పెరుగుతాయి. రెక్కలొచ్చే వేళకు పైకి తేలి, ఎగరబోయే ముందు కాసేపు నీటి మీద కూర్చుని కొట్టుకుపోతుంటాయి. ట్రౌట్ కింద నుంచి వచ్చి వాటిని అందుకుంటుంది. ఆ పురుగుకు బరువన్నది లేదు, దాన్ని అనుకరించే ఫ్లైకీ లేదు. అందుకే ఈ వేటలో ఎరను విసరరు, బరువున్న తాడును విసురుతారు. ఫ్లై దాని వెంట పోతుంది.

చిక్కేమిటంటే ఆ ఫ్లై నడుమ ఉన్నది ఇనుప ముల్లు. మునగడం దాని సహజగుణం. దాన్ని నీటి పైన నిలబెట్టే పని ఈకది. ఈకను ముల్లు కాడ చుట్టూ అంచు మీద నిలబెట్టి చుడితే దాని పోగులు అన్ని వైపులకూ విచ్చుకుంటాయి. కింది వైపు పోగుల కొసలు నీటి పైపొర మీద ఆనుతాయి. తలతన్యత అని బడిలో చదువుకున్నామే, అది ఇక్కడ పనికొస్తుంది. పదుల కొద్దీ కొసలు బరువు పంచుకుంటే ఆ పొర తెగకుండా మోస్తుంది. పోగు బిరుసుగా ఉంటే నిలబడుతుంది. మెత్తగా ఉంటే వంగుతుంది, తడుస్తుంది, ముల్లును వెంటబెట్టుకుని మునుగుతుంది.

కోడి ఈకను గాలానికి కట్టడం చాలా పాత ఉపాయం. క్రీ.శ. 200 ప్రాంతంలో గ్రీకు భాషలో రాసిన రోమన్ రచయిత ఏలియన్, జంతువుల గురించిన తన గ్రంథంలో మాసిడోనియా జాలరుల పద్ధతి ఒకటి చెబుతాడు. బెరోయా, థెస్సలోనికీ పట్టణాల మధ్య పారే అస్ట్రేయస్ అనే ఏట్లో ఒంటి మీద మచ్చలున్న చేపలుంటాయి. అవి నీటి మీద వాలే ఒక పురుగును తింటాయి. ఆ పురుగును ఎరగా గుచ్చుదామంటే చెయ్యి తగలగానే దాని రంగు పోయి రెక్కలు వాడిపోతాయి. అందుకని జాలరులు ముల్లుకు ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు గొంతు కింద వేలాడే ఎర్ర తోలు దగ్గర మొలిచే మైనం రంగు ఈకలు రెండు కట్టేవారు. కర్ర ఆరడుగులు, తాడూ ఆరడుగులే. పద్దెనిమిది వందల ఏళ్ళ నాటి మాట ఇది. కోడి ఒంటి మీద అన్ని ఈకలుండగా వాళ్ళ చెయ్యి సరిగ్గా మెడ దగ్గరికే పోయింది.

ఇంగ్లండులో 1496లో అచ్చయిన గాలపు వేట పుస్తకంలో పన్నెండు ఫ్లైల వివరాలున్నాయి. కానీ ఫ్లై మునగకుండా తేలి తీరాలన్న పట్టుదల పందొమ్మిదో శతాబ్దం చివరిది. 1886లో ఫ్రెడరిక్ హాల్ఫర్డ్ తేలే ఫ్లైల మీదే ఒక పుస్తకం రాశాడు. ఆయన వేటాడిన టెస్ట్ నది సున్నపురాతి నేల మీద నిమ్మళంగా పారుతుంది. 1890లో ఆయన తన ఫ్లైలు కొన్ని అమెరికాలోని థియోడర్ గోర్డన్‌కు పంపాడు. న్యూయార్క్ రాష్ట్రంలోని క్యాట్‌స్కిల్ కొండల ఏళ్ళు అంత నిమ్మళమైనవి కావు. రాళ్ళ మీద దూకుతాయి, నురగ కక్కుతాయి. పురుగులూ వేరే. గోర్డన్ అక్కడి పురుగులకూ అక్కడి వడికీ తగ్గట్టు ఫ్లైలను మార్చి కట్టాడు. ఉరికే నీటిలో నిలవాలంటే బిరుసైన పోగు కావాలి. అమెరికావాళ్ళకు ఈక మీద మోజు అక్కడ మొదలై ఇంకా దిగలేదు. న్యూజెర్సీలో ఉండే మనవాళ్ళకు ఆ కొండలు వారాంతంలో వెళ్ళొచ్చే దూరమే.

కొనే ముందు వంచి చూడండి

అమ్మకానికి వచ్చేది ఎక్కువగా తోలుతో సహా ఉన్న ఈకలు. మెడ తోలును కేప్ అని, నడుము మీది తోలును శాడిల్ అని అంటారు. మెడ తోలులో తల వైపు చిట్టి ఈకలు, భుజాల వైపు పెద్దవి ఉంటాయి కనుక ఒక్క తోలుతో చిన్న ముల్లు నుంచి పెద్ద ముల్లు దాకా సరిపెట్టుకోవచ్చు. నడుము ఈకలు బాగా పొడవు, కానీ వాటిలో సైజులు తక్కువ. పొడవు వల్ల ఒక్క ఈకతో నాలుగైదు ఫ్లైలు కట్టేయవచ్చు. ఒకే సైజు ఫ్లైలు వరసగా కట్టి అమ్ముకునేవాళ్ళకు నడుము తోలు లాభం. ఇంట్లో కూర్చుని అదొకటీ ఇదొకటీ కట్టేవాళ్ళకు మెడ తోలే మేలు.

తోలు చేతికి రాగానే చాలామంది దూరంగా పెట్టి రంగు చూస్తారు. అది చీర కొనేటప్పటి పద్ధతి. ఇక్కడ ముందు వేళ్ళతో చూడాలి. తోలును వెనక్కి వంచి, మధ్య సైజు ఈక ఒకదాన్ని కొస దగ్గర పట్టుకుని మొదలు వైపు సుతారంగా దువ్వితే పోగులు ఈనెకు అడ్డంగా లేచి నిలబడతాయి. వదిలాక తిరిగి సర్దుకుంటే పోగులో జీవం ఉన్నట్టు. తర్వాత కిటికీ వెలుగుకు పెట్టి చూడాలి. ఈనెను ఆనుకుని మసకగా, చిక్కగా ఒక భాగం కనబడుతుంది. అక్కడ పోగు పోగుకూ కంటికి కనబడనంత సన్నటి కొక్కాలుంటాయి. అవి పక్క పోగుల్ని పట్టుకుని ఈకను రేకులా కలిపి ఉంచుతాయి. ఎగిరే రెక్కకు ఆ ఏర్పాటు కావాలి. తేలే ఫ్లైకి మాత్రం చేటు, ఎందుకంటే ఆ మెత్తటి భాగం వత్తిలా నీరు పీల్చుకుంటుంది. పుంజు మెడ ఈక అంచుల్లో ఈ కొక్కాలుండవు. దాని మెరుపూ, వాడి కొసా, బిరుసూ అందువల్లే. పెట్ట మెడ ఈక గుండ్రంగా, మెత్తగా, మసకగా ఉంటుంది. పుంజు ఈకలో కూడా ఈ మసక భాగం ఎంత సన్నగా, ఎంత కిందికి ఉంటే అంత మంచిది.

ఆ తర్వాత పోగుల కొసలను పై పెదవికి తాకించి చూస్తారు. వేలి చర్మం కన్నా పెదవికి బిరుసు బాగా తెలుస్తుంది. దుకాణంలో నలుగురి ముందు ఈక మూతికి రాసుకోవడం చూడటానికి ఎలా ఉన్నా, పని జరిగే పరీక్ష. ఈనెను కూడా వేలి చుట్టూ వంచి చూడాలి. ఈనె మందంగా ఉంటే చుట్టేటప్పుడు మెలిక పడుతుంది, కొన్నిసార్లు నిలువునా చీలుతుంది. పోగులు తలో దిక్కుకూ పోతాయి. కొన్నవాళ్ళు తమ చెయ్యి తిరగలేదని బాధపడుతుంటారు గాని, తప్పు చాలాసార్లు ఈనెది.

సైజు లెక్క తేలిక. గాలపు ముల్లు మొనకూ కాడకూ మధ్య ఉన్న సందును కొలవండి. పోగు పొడవు దానికి ఒకటిన్నర రెట్ల నుంచి రెండు రెట్లు ఉండాలి. అంతకన్నా కురచైతే ముల్లు నీటిలోకి దిగబడుతుంది. పొడవైతే ఫ్లై ఒరుగుతుంది. ముల్లు నంబర్లు తలకిందులుగా నడుస్తాయి: 12 కన్నా 14 చిన్నది, 14 కన్నా 16 చిన్నది. ఆర్ట్ ఫ్లిక్ అనే క్యాట్‌స్కిల్ వేటగాడు ఈ సైజు నియమాన్ని కావాలనే మీరి, చిన్న ముల్లుకు పెద్ద ఈక చుట్టి, రెక్కలే లేకుండా వేరియంట్లనే ఫ్లైలు కట్టాడు. అవీ చేపలు పట్టాయి. నియమం తెలిసినవాడు మీరితే వచ్చే ఫలితం వేరు.

గ్రేడ్ల గురించి ఒక మాట. కంచు, వెండి, బంగారం అని తోళ్ళకు తరగతులు కట్టి అమ్ముతారు. ధరలో తేడా చాలా ఉంటుంది. ఆ తేడాలో ఎక్కువ భాగం తోలు మీద ఎన్ని ఈకలున్నాయి, ఎంత పొడవున్నాయి, ఎంత చిన్న సైజు దాకా దొరుకుతాయి అన్నదానికే. కంచు తరగతి తోలులో కూడా మంచి ఈక మంచి ఈకే. నా మాటగా చెబుతున్నాను: ఏడాదికి యాభై ఫ్లైలు కట్టేవాళ్ళకు బంగారం అక్కర్లేదు.

సవల, పర్ల, పూల... గ్రిజ్లీ, బ్యాడ్జర్, క్రీ

పుంజును మెడ చూసి పోల్చుకోవడం తెలుగువాళ్ళకు కొత్త విద్య కాదు. చట్టం వద్దన్నా సంక్రాంతికి బరులు వెలిసే గోదావరి, కృష్ణా జిల్లాల్లో కుక్కుటశాస్త్రం నోటికి వచ్చినవాళ్ళు ఊరికి ఒకరైనా ఉంటారు. ఒళ్ళంతా నలుపైతే కాకి, ఎరుపైతే డేగ, తెలుపైతే సేతువ. మెడ మీద నల్లటి ఈకలుంటే సవల. మెడ మీద నలుపూ తెలుపూ సమంగా కలిస్తే పర్ల. ఒక్కో ఈక మీద నలుపు, తెలుపు, ఎరుపు మూడూ ఉంటే పూల. ఫ్లైలు కట్టేవాళ్ళ దగ్గరా ఇలాంటి పట్టికే ఉంది. తెల్లటి ఈకకో మీగడ రంగు ఈకకో నడుమ నల్లగీత ఉంటే బ్యాడ్జర్. ఎర్రగోధుమ ఈకకు నడుమ నలుపుంటే ఫర్నెస్. నలుపూ తెలుపూ అడ్డచారలైతే గ్రిజ్లీ. లేత ఎరుపు జింజర్, బూడిద రంగు డన్. ఒకే ఈక మీద మూడు రంగులూ చారలుగా కలిస్తే క్రీ. మన పూల పుంజును చూపిస్తే అక్కడివాళ్ళు క్రీ అని మురిసిపోతారేమో.

మురిసిపోయి, ఈక పట్టి చూసి పెదవి విరుస్తారు. మన పందెం పుంజులు అసీల్ జాతివి. వాటి ఈక కురచగా, గట్టిగా, ఒంటికి అతుక్కుని ఉంటుంది. దెబ్బలాటకు అది బలం, ఫ్లైకి మాత్రం కాదు. మన దేశపు మామూలు కోళ్ళ మెడ తోళ్ళు చాలాకాలంగా పడమటి దేశాలకు పోతున్నాయి. ఇండియన్ నెక్ అన్న పేరుతో ఇప్పటికీ చవకగా దొరుకుతాయి. ఈక పొట్టి, పోగు ఓ మాదిరి. పెద్ద ముళ్ళకూ మునిగే ఫ్లైలకూ సరిపోతాయి.

రంగుల్లో ఎక్కువ వేధించింది డన్. చాలా మేఫ్లైలు ఆ బూడిద నీలంలోనే ఉంటాయి, కోళ్ళలో మాత్రం ఆ రంగు కుదురుగా నిలవదు. దానికి కారణం జన్యువు. ఆ రంగు పుంజునూ పెట్టనూ జతచేస్తే పిల్లల్లో సగానికే ఆ రంగు వస్తుంది. పావు వంతు నల్లగా, పావు వంతు మచ్చల తెలుపుగా పుడతాయి. ఆ సగంలోనూ ఒకటి లేత, ఒకటి ముదురు. నచ్చిన నీడ ఈ ఏడు దొరికిందని వచ్చే ఏడు దొరుకుతుందన్న భరోసా లేదు. గ్రిజ్లీకి ఆ బాధ లేదు. ప్లిమత్ రాక్ కోళ్ళలో కనబడే ఆ చార బలమైన లక్షణం, తరం తర్వాత తరం వస్తుంది. 1922లో మిషిగన్‌లో లెన్ హాలడే కట్టిన ఆడమ్స్ అనే ఫ్లై గ్రిజ్లీని ఇంటింటికీ చేర్చింది. ఒక గ్రిజ్లీ ఈక, ఒక గోధుమ ఈక కలిపి చుడతారు. ఏ ఒక్క పురుగుకూ అది అచ్చు కాదు. అందుకేనేమో అన్ని ఏళ్ళలోనూ పనిచేస్తుంది.

ఇంతకీ చేపకు రంగు ఎంత కనబడుతుంది? నీటిలోంచి పైకి చూసే చేపకు బయటి లోకం తల పైన ఒక గుండ్రటి కిటికీలోంచే కనబడుతుంది. వెలుగు నీటిలో వంగడం వల్ల ఆ కిటికీ కోణం సుమారు 97 డిగ్రీలు. దాని చుట్టూ ఉన్న నీటి కప్పు అద్దమై ఏటి అడుగునే చూపిస్తుంది. తేలుతూ వచ్చే ఫ్లై మొదట ఆ అద్దం మీదికి వస్తుంది. అప్పుడు చేపకు కనబడేది పురుగు కాదు. పోగుల కొసలు నీటి పొరను నొక్కిన చోట మెరిసే చుక్కలు. ఫ్లై కిటికీ అంచుకు చేరాక రెక్క కనబడుతుంది, ఆ తర్వాతే ఒళ్ళు. అప్పటికీ అది ఆకాశం వెలుగుకు అడ్డంగా ఉన్న నీడే. పెన్సిల్వేనియా వేటగాడు విన్సెంట్ మారినారో 1976లో ఈ సంగతిని ఫోటోలతో సహా ఒక పుస్తకంలో చూపించాడు. చుక్కలు సరిగా పడాలంటే పోగులు బిరుసుగా, సమంగా ఉండాలి. డన్‌లో లేత నీడా ముదురు నీడా అన్న తర్జనభర్జన చాలామటుకు మనుషుల మధ్యదే. రంగు అసలు పట్టించుకోవద్దని నేననను. లేత, ముదురు, చారల అన్న మూడు మెట్లు చాలు.

ఈక కోసం కోడి

ఒకప్పుడు ఫ్లైలు కట్టేవాళ్ళు కూరకో పందేనికో పెంచిన కోళ్ళలోంచి తమకు పనికొచ్చే ఈక ఏరుకునేవారు. ఈక కోసమే కోడిని పెంచడమన్నది క్యాట్‌స్కిల్స్‌లో హ్యారీ డార్బీతో బలపడింది. భార్య ఎల్సీతో కలిసి ఫ్లైలు కట్టి అమ్ముతూ ఆయన డన్ కోళ్ళను ఎంపిక చేసి పెంచాడు. ఆయన కోళ్ళ గుడ్లు మినెసోటాలో ఆండీ మైనర్ అనే లాయరు చేతికి వెళ్ళాయి. మైనర్ కోళ్ళ సంతతి మరికొందరి చేతుల్లోకి వెళ్ళింది. వాళ్ళలో బక్ మెట్జ్ 1970లలో పెన్సిల్వేనియాలో దీన్ని పెద్ద వ్యాపారంగా నిలబెట్టాడు.

అటు ఒరెగాన్‌లో హెన్రీ హాఫ్‌మన్ వేరే దారి పట్టాడు. ఆయనా ఫ్లైలు కట్టి అమ్ముకునేవాడే. గ్రిజ్లీ కోళ్ళ మీద పనిచేస్తూ, మెడనే పట్టుకు వేలాడకుండా నడుము ఈకల మీద దృష్టి పెట్టాడు. అప్పటిదాకా నడుము ఈకలు పెద్ద పోగులతో, మెత్తగా ఉండి తేలే ఫ్లైలకు పెద్దగా అక్కరకొచ్చేవి కావు. ఆయన ఎంపికలో అవి సన్నబడ్డాయి, బిరుసెక్కాయి, పొడవు సాగాయి. 1989లో ఆ మందను టామ్ వైటింగ్ కొన్నాడు. కోళ్ళ శాస్త్రంలో ఆర్కన్సా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు తీసుకున్న మనిషి. 2011లో జుట్టుకు ఎక్కిన ఈక హాఫ్‌మన్ ఎంపికలోంచి వచ్చినదే. నీటి కోసం సాగదీసిన పొడవు పార్లర్లకు నచ్చింది.

స్పెయిన్‌లోని లెయోన్ ప్రాంతం కథ ఇంతకన్నా పాతది. కురుయేన్యో నది లోయలో పెంచే పుంజుల ఈకలతో ఫ్లైలు కట్టే పద్ధతిని 1624లో హువాన్ దె బెర్గారా రాసిపెట్టాడు. అస్టోర్గా రాతప్రతి అని దానికి పేరు. అక్కడి ఈకలు రెండు తెగలు. ఇండియో అంటే ఒకే రంగు, పార్డో అంటే సన్నటి మచ్చలు చల్లినట్టుండేది. పోగు గాజు మెరుపుతో, అమెరికన్ ఈకను మించిన బిరుసుతో ఉంటుంది. ఫ్లై తోకకు అంతకన్నా మంచిది నాకు తెలియదు. అక్కడ పుంజును చంపరు. ఏడాదిలో కొన్నిసార్లు బతికున్న పక్షి నుంచే ఈకలు పీకుతారు, మళ్ళీ మొలుస్తాయి. కొలరాడోలో ఏడాది రాజభోగం తర్వాత ఒక్క వేటు, లెయోన్‌లో ఏళ్ళ తరబడి పీకుడు. ఏది దయ అని నన్నడిగితే జవాబు చెప్పడానికి జంకుతాను, కోడికూర తినే నోటితో.

చుట్టడం

మంచి ఈక చేతిలో ఉన్నప్పుడు చుట్టడం పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు, కానీ తొందర పనికిరాదు. ముల్లును కదలకుండా పట్టి ఉంచే వైస్‌లో బిగించి, తోకా ఒళ్ళూ రెక్కలూ కట్టాక ఈక సంగతి చూడాలి. మొదట్లో ఉన్న మెత్తటి నూగు లాగేసి, ఈనెను కాస్త బోడిగా ఉంచి దారంతో బిగించాలి. ఈ బోడి భాగం ఉంచడం మరిచిపోయేవాళ్ళే ఎక్కువ. అది లేకపోతే మొదటి చుట్టులోనే పోగులు వాలిపోతాయి. కొసను చిన్న పట్టుకారుతో పట్టి, మెరుపు వైపు ముందుకు ఉండేలా, రెక్కల వెనక మూడు చుట్లు, ముందు మూడు చుట్లు వేయాలి. చుట్టు పక్కన చుట్టు పడాలి గాని చుట్టు మీద చుట్టు పడకూడదు. ఆడమ్స్‌లా రెండు ఈకలైతే రెండోదాన్ని అటూఇటూ కదుపుతూ మొదటి చుట్ల సందుల్లోంచి తీసుకురావాలి. అప్పుడు దాని కింద పోగులు నలగవు. ముల్లు కన్ను దగ్గర దారం ముడికి చోటు ముందే వదలాలి.

పాత పుస్తకాల్లో రెండు మూడు ఈకలు చుట్టమని ఉంటే ఇప్పుడు గుడ్డిగా పాటించకండి. అప్పటి ఈక కురచ, పోగు పలచన. నేటి పెంపకపు ఈకలో అంగుళానికి పోగులు చాలా ఎక్కువ. అదే లెక్కన చుడితే ఫ్లై బొద్దుగా తయారై పురుగు పోలికే పోతుంది. దుకాణాల్లో అమ్మే ఫ్లైలలో ఈ జబ్బు కనబడుతూనే ఉంటుంది, ఒత్తుగా ఉంటే కొనేవాడి కంటికి ఆనుతుంది కాబట్టి. నిమ్మళంగా పారే నీటికి నాలుగు చుట్లు చాలు. ఇంకా కిందికి ఆనాలంటే కింది పోగులను కత్తెరతో కోసేయవచ్చు. లేదా పారాషూట్ పద్ధతి ఉంది: నిలువుగా కట్టిన రెక్క మొదట్లో ఈకను అడ్డంగా చుట్టడం. పోగులన్నీ నీటి మీద పరుచుకుంటాయి, ఒళ్ళు నీటి పొరలోనే ఉంటుంది. అదుపు తప్పి ఒరిగే ఫ్లై కన్నా ఇది చూడటానికి దీనంగా ఉన్నా చేప దీన్ని నమ్ముతుంది.

బిరుసే గొప్పనుకుంటే మళ్ళీ పొరపాటు. ఫ్లై మునగాల్సిన చోట అంతా తలకిందులవుతుంది. అక్కడ పోగు నీటిలో కదలాలి, పురుగు కాళ్ళు ఆడుతున్నట్టు. స్కాట్లండ్‌కు చెందిన డబ్ల్యూ.సి. స్టువర్ట్ 1857లో రాసిన పుస్తకంలోని స్పైడర్ ఫ్లైలు, ఇంగ్లండులో యార్క్‌షైర్ ఏళ్ళ గురించి టి.ఇ. ప్రిట్ 1885లో రాసినవి ఈ దారివే. నారింజ రంగు పట్టుదారం చుట్టిన సన్నటి ఒళ్ళు, దాని ముందు పార్ట్రిడ్జ్ అనే కౌజు జాతి పిట్ట వీపు ఈక ఒకటిన్నర చుట్టు. అంతే. పెట్ట మెడ ఈకలూ దీనికి బాగుంటాయి. ఊలీ బగర్ అనే పెద్ద ఫ్లైలో నడుము ఈకను ఒళ్ళు పొడవునా మెట్లుమెట్లుగా చుడతారు. అక్కడ తేలే ఫ్లైకి పనికిరాదని పక్కన పెట్టిన మసక ఈకే మంచిది. చెడ్డ తోలంటూ ఏదీ లేదు, చాలామటుకు తప్పు ముల్లుకు కట్టిన తోలే.

గోదావరి దక్షిణాన ఒక మెడ

ఈ వ్యాపారానికి తెలుగు అడవులతో సంబంధం ఉంది. బూడిద రంగు అడవికోడి మన దేశానికే ప్రత్యేకమైన పక్షి. స్థూలంగా గోదావరికి ఇటువైపు ఇది, అటు ఈశాన్యంగా ఎర్ర అడవికోడి. శాస్త్రనామం గాలస్ సొన్నెరాటీ, ఫ్రెంచి యాత్రికుడు పియర్ సొన్నెరా పేరు మీద. మన ఇంటి కోడి పసుపు కాళ్ళు ఎర్ర అడవికోడి నుంచి రాలేదు, దీని నుంచి వచ్చాయని 2008లో స్వీడన్ శాస్త్రవేత్తల బృందం తేల్చింది. ఈ పుంజు మెడ ఈకల కొసల్లో పోగులు కలిసిపోయి, లక్క పూసినట్టు మెరిసే తెలుపూ పసుపూ చుక్కలుంటాయి. సాల్మన్ చేపల కోసం కట్టే ఫ్లైలలో ఆ చుక్కను కన్నుగా, బుగ్గగా పెట్టేవారు. జాక్ స్కాట్ లాంటి విక్టోరియా కాలపు ఫ్లైలకు అది తప్పనిసరి సామగ్రి. ఇలాంటి ఫ్లైలకు పెద్ద బాలశిక్ష జార్జ్ కెల్సన్ 1895లో రాసిన పుస్తకం. టూకాన్, కొటింగా, బంగారు ఫెజెంట్ లాంటి పక్షుల ఈకలు... ప్రపంచంలోని అడవులన్నీ ఒక ముల్లు మీదికి రావాలి.

గుడ్లు పెట్టడానికి ఏట్లోకి తిరిగొచ్చిన సాల్మన్ మేత మానేస్తుంది. ఫ్లైని ఎందుకు అందుకుంటుందో గాని తినడానికైతే కాదు. దానికి కొటింగా నీలమూ ఒకటే, రంగేసిన కోడి నీలమూ ఒకటే. ఆ వైభవమంతా కట్టేవాడికీ, చూసి మెచ్చుకునేవాడికీ. నీటి ప్రమేయం పూర్తిగా తప్పుకున్న చోటు ఇదే. 1902లోనే బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం అడవి పక్షుల ఈకల ఎగుమతిని నిషేధించింది. 1972 వన్యప్రాణి చట్టం అడవికోడికి రక్షణ ఇచ్చింది. ఇవాళ బ్రిటన్‌లో ఈ చుక్కల ఈకలు చట్టబద్ధంగా దొరుకుతున్నాయంటే, అవి అక్కడ బోనుల్లో పెంచిన పక్షులవి.

మిగతా పక్షుల సంగతి అంత సాఫీగా పోలేదు. 2009 జూన్‌లో ఇంగ్లండులోని ట్రింగ్ పట్టణంలో నేచురల్ హిస్టరీ మ్యూజియం శాఖలో దొంగ పడ్డాడు. ఎడ్విన్ రిస్ట్ అనే అమెరికన్ కుర్రాడు. లండన్‌లో రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో ఫ్లూటు నేర్చుకుంటున్నాడు, పాతకాలపు సాల్మన్ ఫ్లైలు కట్టడంలో దిట్ట. కిటికీ అద్దం పగలగొట్టి 299 పక్షి తోళ్ళు పెట్టెలో సర్దుకుపోయాడు. వాటిలో డార్విన్ సమకాలికుడు ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలేస్ సేకరించిన పక్షులూ ఉన్నాయి. ఏడాది దాటాక పట్టుబడ్డాడు, శిక్ష పడింది గాని అమలు నిలిపివేశారు. అప్పటికి చాలా తోళ్ళు ఈకలుగా విడిపోయి అమ్ముడయ్యాయి. కొన్నిటి చీటీలు ఊడిపోయాయి. ఏ అడవిలో, ఏ రోజున దొరికిన పక్షో చెప్పే చీటీ పోతే శాస్త్రానికి ఆ తోలు దాదాపు లేనట్టే. కిర్క్ వాలేస్ జాన్సన్ 2018లో ఈ కేసు మీద ఒక పుస్తకం రాశాడు. చదివినవాళ్ళకు ఎక్కువ గుర్తుండేది దొంగ కాదు, ఆ ఈకలు కొన్నవాళ్ళ మౌనం.

మొదటి కొనుగోలు

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు దుకాణాలవాళ్ళు పదిరంగుల పెట్టె చూపిస్తారు. వద్దు. గ్రిజ్లీ మెడ తోలు సగం, గోధుమ మెడ తోలు సగం తీసుకోండి. సగం తోళ్ళు విడిగా అమ్ముతారు. వాటితో ఆడమ్స్ కట్టవచ్చు, ఇంకో డజను రకాలూ కట్టవచ్చు. మునిగే ఫ్లైలకు పెట్ట మెడ తోలు ఒకటి, పార్ట్రిడ్జ్ తోలు ఒకటి. మూడోసారి కొనేటప్పుడు డన్ గురించి ఆలోచించవచ్చు. అడవికోడి ఈక అవసరం అనిపించినా ఎక్కడినుంచి వచ్చిందో కాగితం లేకుండా ముట్టుకోకండి.

కొన్న తోళ్ళను ఎండ తగలకుండా, ఒక్కోదాన్ని జిప్ కవర్లో పెట్టి దాచాలి. కొత్త తోలును పాతవాటితో కలిపే ముందు కొన్ని రోజులు ఫ్రీజర్లో ఉంచితే అందులో ఉన్న పురుగులు చస్తాయి. కోస్తా ఉక్కలో అయితే కవర్లో తేమ చేరకుండా చూసుకోవాలి. ముల్లు 14 నంబరుతో మొదలుపెట్టండి. 20 నంబరు సంగతి కళ్ళజోడు మార్చుకున్నాక చూసుకోవచ్చు.